సెకనులో 35వ వంతు: పాత ‘డూమ్’ను బాగుచేసినవాళ్ళ పనితనం

1993 డిసెంబరు 10న విడుదలైన ‘డూమ్’ గేమ్‌ను ఏ సవరణా లేకుండా ఇవాళ్టి మానిటర్ మీద నడిపిస్తే, కింది పట్టీలో ఉండే సైనికుడి ముఖం అణిగినట్టు కనిపిస్తుంది. రాక్షసులు పొట్టిగా, వెడల్పుగా ఉంటారు. మౌస్ తిప్పితే గోడలు నున్నగా జరగవు, చిన్న చిన్న కుదుపులతో జరుగుతాయి. గేమ్ చెడిపోలేదు, అందులో ఒక్క అక్షరం కూడా మారలేదు. అది ఏ తెరను నమ్ముకుని పుట్టిందో ఆ తెర ఇప్పుడు లేదు, అంతే. ఈ తేడాను సరిచేయడానికి ఇరవై ఏళ్ళకు పైగా కొందరు ప్రోగ్రామర్లు చేసిన పనిని దగ్గరగా చూస్తే, పాత వస్తువును ముట్టుకోవడం ఎలాగో తెలిసిన చేతులు కనిపిస్తాయి. ఈ వ్యాసం వాళ్ళ గురించి.

ముందు ఆకారం సంగతి చూద్దాం. డూమ్ బొమ్మ అడ్డంగా 320, నిలువుగా 200 చుక్కలు. లెక్క ప్రకారం అది 16కి 10 నిష్పత్తి. కానీ అప్పటి గాజు తెరలు 4కి 3 నిష్పత్తిలో ఉండేవి. ఆ 200 వరసలూ తెర నిలువంతా పరుచుకునేవి కాబట్టి ఒక్కో చుక్క వెడల్పుకన్నా ఎత్తు అయిదో వంతు ఎక్కువగా ఉండేది. బొమ్మలు గీసిన చిత్రకారులు చూసిందీ ఆ తెరలమీదే, వాళ్ళ కంటికి సరిగ్గా కుదిరిందీ ఆ సాగిన చుక్కలతోనే. ఇవాళ్టి తెరమీద చుక్క చదరంగా ఉంటుంది. అందుకే అన్నీ అణిగిపోతాయి.

మందు తేలికే అనిపిస్తుంది: 200 వరసల్ని 240 చేస్తే సరి, ప్రతి 5 వరసలకూ 6 వరసలు గీయాలి. కానీ ఆ ఆరో వరస ఎక్కణ్ణుంచి వస్తుంది? ప్రతి అయిదింటిలో ఒకదాన్ని రెండుసార్లు గీస్తే తెరమీద సమాన దూరాల్లో లావు గీతలు పడతాయి. నడుస్తుంటే ఆ గీతలు బొమ్మ మీద పాకుతున్నట్టు కనిపిస్తాయి. ‘చాకొలెట్ డూమ్’ అనే రూపాన్ని 2005లో మొదలుపెట్టిన సైమన్ హోవర్డ్ తొలినాళ్ళ విడుదలల్లో దీనికి చూపిన పరిష్కారం నాకు ఎప్పుడు చదివినా ముచ్చటేస్తుంది. కొత్త మొదటి వరస పాత మొదటి వరసే. రెండోదానిలో పాత మొదటిది 20 శాతం, పాత రెండోది 80 శాతం. మూడోదానిలో పాత రెండోది 40, పాత మూడోది 60. తర్వాత అదే క్రమం తిరగబడుతుంది: 60కి 40, 80కి 20. ఆరో వరస పాత అయిదోదే. ఎక్కడా లావు గీత పడదు, బొమ్మ పెద్దగా అలుక్కుపోదు.

ఇందులో ఇంకో చిక్కుంది. డూమ్ దగ్గర ఉన్నవి 256 రంగులే. రెండు రంగుల్ని 20, 80 పాళ్ళలో కలిపితే వచ్చే కొత్త రంగు ఆ 256లో ఉండాలని లేదు. కాబట్టి ముందుగానే ఒక పట్టిక తయారు చేసి పెట్టారు. ఏ రంగును ఏ రంగుతో కలిపితే, ఉన్నవాటిలో దేనికి దగ్గరగా వస్తుందో అందులో రాసి ఉంటుంది. 256ను 256తో హెచ్చవేస్తే 65,536 గడులు. నాలుగు మిశ్రమాలకు నాలుగు పట్టికలు కావాలి కదా అనుకుంటాం. అక్కర్లేదు, రెండు చాలు. 60కి 40 అంటే 40కి 60ని తిరగేసి చదవడమే, 80కి 20 కూడా అంతే. ఆట నడుస్తున్నప్పుడు కలిపే లెక్క ఏదీ ఉండదు. పట్టికలో చూడటం, గడి నింపడం, అంతే. ఈ పొదుపు 1993 నాటి ప్రోగ్రామర్ చేసినట్టే ఉంటుంది. పాత గేమ్‌ను బాగుచేసేవాడికి ఆ కాలపు అలవాట్లు వంటబట్టాలనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. తర్వాత యంత్రాలు బలపడ్డాక పద్ధతి మార్చారు. ముందు బొమ్మను రెట్టింపో మూడింతలో, ముక్కలు లేని పూర్ణాంకంతో పెద్దది చేసి, దాన్ని మెత్తగా కావలసిన కొలతకు దించుతారు. అంచులు పదునుగానే ఉంటాయి, చుక్కలు సమానంగానే ఉంటాయి.

రంగుల విషయంలో వాళ్ళ నిక్కచ్చితనం ఇంకా ఆశ్చర్యం. గేమ్ ఫైల్లో ప్రతి రంగూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్ళుగా, ఒక్కోటి 0 నుంచి 255 దాకా రాసి ఉంటుంది. అప్పటి వీజీఏ గ్రాఫిక్స్ కార్డు మాత్రం ఒక్కో పాలుకు 64 మెట్లే చూపించగలిగేది. అంటే ఆ సంఖ్యలో చివరి రెండు బిట్లు తెరదాకా ఎప్పుడూ చేరలేదు. ఇవాళ్టి కార్డు వాటిని కూడా చూపించగలదు, చూపిస్తే రంగు వెంట్రుకవాసి తేడాగా ఉంటుంది. చాకొలెట్ డూమ్ ఆ రెండు బిట్లనూ సున్నా చేసేస్తుంది. ఆ తేడా మామూలు కంటికి అందేది కాదు. అయినా ఆ రోజు తెరమీద కనబడనిది ఇవాళ కూడా కనబడకూడదన్న పట్టుదలతో ఆ వరస రాశారు.

ఇదంతా చేయడానికి వీలైంది ఎందుకంటే, ఐడీ సాఫ్ట్‌వేర్ సంస్థ 1997 డిసెంబరులో డూమ్ మూల కోడ్‌ను అందరికీ ఇచ్చేసింది. 1999లో దాన్ని జీపీఎల్ లైసెన్సు కిందికి తెచ్చింది. అప్పట్నుంచి ఎన్నో రూపాలు పుట్టాయి. చాకొలెట్ డూమ్ లక్ష్యం పాతదాన్ని లోపాలతో సహా ఉన్నదున్నట్టు నిలపడం. దానిమీదే కట్టిన ‘క్రిస్పీ డూమ్’ను ఫేబియన్ గ్రెఫ్రాత్ 2014లో మొదలుపెట్టారు. అది బొమ్మను రెట్టింపు పదునుతో, 640కి 400గా గీస్తుంది, కదలికను నున్నగా చూపిస్తుంది, కానీ ఆట నడిచే తీరును మాత్రం మార్చదు. ఇకనుంచి ఎక్కువగా చెప్పేది దీని గురించే.

కదలిక సంగతి ఈ పని మొత్తానికి గుండెకాయ. డూమ్ ప్రపంచం సెకనుకు 35 సార్లు అడుగు వేస్తుంది. ఆ అడుగును ‘టిక్’ అంటారు. రాక్షసుడు నడవాలన్నా, తలుపు లేవాలన్నా, నిప్పు ముద్ద ఎగరాలన్నా అన్నీ టిక్కు టిక్కుకే జరుగుతాయి. 35 అన్న అంకె ఊరికే రాలేదు. ఆనాటి వీజీఏ తెర ఆ కొలతలో సెకనుకు 70 సార్లు వెలిగేది, 35 అందులో సరిగ్గా సగం. యంత్రం ఆ వేగాన్ని అందుకోగలిగితే ఒక్కో బొమ్మ సరిగ్గా రెండు వెలుగుల పాటు నిలిచేది. ఆ సమానత్వం వల్ల కంటికి లయ తప్పేది కాదు. ఇవాళ్టి మామూలు మానిటర్ సెకనుకు 60 సార్లు వెలుగుతుంది. 35 బొమ్మల్ని 60 వెలుగుల్లో సర్దాలంటే 25 బొమ్మలు రెండేసి సార్లు, 10 బొమ్మలు ఒక్కోసారి కనబడాలి. మనం కుదుపు అంటున్నది దీన్నే. వేగం తక్కువ కావడం ఒక ఎత్తయితే, ఎగుడుదిగుడుగా ఉండటం ఇంకో ఎత్తు.

మరి 35ను 60 చేస్తే పోలేదా? పోదు. రాక్షసుడి వేగం, తుపాకీ మళ్ళీ పేలడానికి పట్టే సమయం, లిఫ్టు ఆగి ఉండే సేపు, అన్నీ టిక్కుల్లోనే కొలిచి రాసి ఉన్నాయి. వాటిని కొత్త లెక్కకు మార్చినా గుండ్రం చేయడంలో పిసరంత తేడా వస్తుంది. ఆ పిసరంతే కొంప ముంచుతుంది. ఎందుకో తెలియాలంటే డూమ్‌లో ఆట రికార్డింగు ఎలా ఉంటుందో చూడాలి. అది వీడియో కాదు. ఒక్కో ఆటగాడికి ఒక్కో టిక్కుకు 4 బైట్లు: ముందుకా వెనక్కా, పక్కకా, ఎటు తిరిగాడు, ఏ బటన్ నొక్కాడు. సెకనుకు 140 బైట్లు. తిరిగి చూపించేటప్పుడు గేమ్ ఆ మీటలు తానే నొక్కుకుంటూ మొత్తం ఆటను మొదట్నుంచి మళ్ళీ ఆడుతుంది. రాక్షసుల యాదృచ్ఛికత కూడా నిజమైన యాదృచ్ఛికత కాదు, 256 అంకెల స్థిరమైన పట్టికలోంచి వరసగా తీసుకునేదే. కాబట్టి ఒకే మీటలకు ప్రతిసారీ ఒకే ఆట వస్తుంది. ఎక్కడో ఒక రాక్షసుడు వెంట్రుకవాసి పక్కకు జరిగితే ఒక తూటా తప్పుతుంది, పట్టికలో వంతు మారుతుంది, మరో నిమిషంలో సైనికుడు గోడకేసి పరిగెడుతూ శూన్యంలోకి కాల్చుతుంటాడు. 1994 నుంచి ప్రపంచం నలుమూలలా ఆటగాళ్ళు దాచుకున్న రికార్డింగులన్నీ అలా చెత్తయిపోతాయి.

అంటే షరతు ఇది: కంటికి సెకనుకు 60 బొమ్మలో 144 బొమ్మలో కనబడాలి, ఆట మాత్రం 35 టిక్కులకే నడవాలి. దీనికి వాళ్ళు వాడిన పద్ధతి పేరు ఇంటర్‌పొలేషన్. ప్రతి వస్తువుకూ ఇప్పుడున్న చోటుతోపాటు, కిందటి టిక్కులో ఉన్న చోటు కూడా గుర్తుపెట్టుకుంటారు. గీసే సమయానికి టిక్కులో ఎంత భాగం గడిచిందో చూసి, ఆ రెండు చోట్ల మధ్య అంత దూరంలో బొమ్మ గీస్తారు. సగం గడిస్తే సగం దారిలో. గేమ్‌కు మాత్రం ఈ మధ్య చోటు తెలియదు. తూటా తగిలిందా లేదా అన్న తీర్పు అసలు చోటును బట్టే జరుగుతుంది.

ఒక్క పేరాలో చెప్పేశాను గానీ, పనితనమంతా దీని మూలమూలల్లో ఉంది. టెలిపోర్టు గడప మీద కాలు పెట్టినవాడు ఒక్క టిక్కులో మ్యాపు ఈ కొస నుంచి ఆ కొసకు పోతాడు. పాత చోటుకూ కొత్త చోటుకూ మధ్య బొమ్మలు గీస్తే అతను గోడల్లోంచి దూసుకుపోతున్నట్టు ఒక మెరుపు కనిపిస్తుంది. అందుకే ఆ టిక్కుకు మాత్రం మధ్య చోట్లు గీయవద్దని వస్తువు మీదే ఒక గుర్తు ఉంచారు. దిశల సంగతి ఇంకా సున్నితం. డూమ్‌లో పూర్తి చుట్టు అంటే 32 బిట్ల సంఖ్య, అంటే 429 కోట్లకు పైగా ముక్కలు. చివరి ముక్క దాటగానే మళ్ళీ సున్నా. ఆ సున్నా గీత మీదుగా కొంచెం తిరిగినవాడికి మామూలుగా మధ్య లెక్క కడితే, అతను వెనక్కి ఒక నిండు చుట్టు తిరిగి వచ్చినట్టు తేలుతుంది. దాన్ని పట్టుకుని దగ్గర దారిన తిప్పడానికి వేరే చిన్న ఫంక్షన్ రాశారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది లిఫ్టు సంగతి. ఆటగాడి చూపును మాత్రమే నున్నగా చేసి నేలను వదిలేస్తే ఏమవుతుంది? లిఫ్టు మీద నిలబడి పైకి పోతుంటే మన కన్ను నున్నగా లేస్తుంది, కాళ్ళ కింది నేల మాత్రం టిక్కు టిక్కుకు ఎగిరెగిరి పడుతుంది. ముందున్న కుదుపుకన్నా ఇది ఘోరంగా ఉంటుంది. కాబట్టి కదిలే ప్రతి నేలకూ, ప్రతి పైకప్పుకూ పాత ఎత్తు గుర్తుపెట్టి, గీయడానికి మాత్రమే పనికొచ్చే వేరే ఎత్తు కేటాయించారు. పైగా అది సరిగ్గా కిందటి టిక్కులో కదిలిందా అని చూస్తారు. ఎప్పుడో కదిలి ఆగిపోయిన తలుపు పాత లెక్కతో మళ్ళీ వణకకుండా ఇది కాపాడుతుంది. సగం నున్నదనం అసలు లేనిదానికన్నా చెడ్డదని వీళ్ళకు బాగా తెలుసు.

ఈ పద్ధతికి ఒక ఖరీదు ఉంది. పాత చోటు నుంచి కొత్త చోటుకు బొమ్మలు గీస్తున్నామంటే, కనబడేది ఎప్పుడూ జరిగినదానికన్నా ఒక టిక్కు దాకా, దాదాపు 29 మిల్లీసెకన్లు, వెనకబడి ఉంటుంది. రాక్షసుడి నడకలో అది తెలియదు. మౌస్ తిప్పినప్పుడు మాత్రం చెయ్యి ముందూ కన్ను వెనకా అయినట్టు తోస్తుంది. అందుకని ఆటగాడి చూపు దిశను ఈ మధ్య లెక్కలోంచి తప్పించి, మౌస్ కదిలిన మేరకు అప్పటికప్పుడే తిప్పి చూపిస్తారు. తలుపుకు ఒక న్యాయం, చూపుకు ఒక న్యాయం. సూత్రం అన్నిచోట్లా ఒకేలా ఉండాలని పట్టుబట్టకుండా, చెయ్యి ఏం కోరుకుంటుందో దాన్ని చూసి చేసిన పని ఇది.

‘స్పెక్టర్’ అనే భూతాన్ని బాగుచేసిన తీరు కూడా చెప్పాలి. దానికి రంగంటూ ఉండదు. వెనకున్న దృశ్యమే చెదిరి మసకబారి ఒక ఆకారంగా కదులుతుంది. అసలు కోడ్ దాన్ని గీసే తీరు సులువుగా, అందంగా ఉంటుంది. ఆ ఆకారంలోని ప్రతి చుక్కకూ పైవరస చుక్కనో కిందివరస చుక్కనో తీసుకుని, కాస్త చీకటి చేసి పెడుతుంది. పైదా కిందిదా అన్నది 50 గడుల పట్టిక చెబుతుంది. ఆ పట్టికలో వేలు ఎక్కడ ఆగిందో తర్వాతి బొమ్మ అక్కణ్ణుంచి మొదలవుతుంది కాబట్టి భూతం మిలమిలలాడుతుంది. సెకనుకు 35 బొమ్మల దగ్గర ఆ మిలమిల భయం పుట్టిస్తుంది. 144 బొమ్మల దగ్గర మరిగే నీళ్ళలా అయిపోతుంది, ఆకారమే ఆనదు. క్రిస్పీ డూమ్ టిక్కు మొదలైనప్పుడు వేలు ఎక్కడుందో రాసిపెట్టుకుంటుంది. ఆ టిక్కులో ఎన్ని బొమ్మలు గీసినా అన్నీ అక్కణ్ణుంచే మొదలుపెడుతుంది. అంటే భూతం చోటు నున్నగా జరుగుతుంది, దాని వణుకు మాత్రం పాత లయలోనే ఉంటుంది. ఇంకో చిన్న జాగ్రత్త కూడా ఉంది. గీసిన చుక్కలు సరిగ్గా 50 గుణిజాల్లో ఉంటే వేలు తిరిగి మొదలైనచోటికే వస్తుంది, భూతం ఆ టిక్కు అంతా బిగుసుకుపోతుంది. అలా జరిగిందేమో చూసి, జరిగితే వేలును ఒక్క గడి ముందుకు తోస్తారు. అంత చిన్న సంగతి ఇది. అయినా దానికి ఒక వరస రాసిపెట్టారు.

గోడల జబ్బులు వేరే రకం. పొడవైన గోడకు బాగా దగ్గరగా నిలబడి కదిలితే దాని అంచులు అలల్లా ఊగుతాయి. గోడ ఎత్తును లెక్కకట్టే సంఖ్యలో భిన్న భాగానికి కేటాయించిన బిట్లు 12, దగ్గరైనకొద్దీ గోడ పెరిగే కొలతకు 64 రెట్లని ఒక గరిష్ఠ హద్దు. ఆ హద్దు తగిలినచోట లెక్క విరుగుతుంది. హద్దును ఊరికే పెంచితే చాలా ఎత్తయిన గదుల్లో సంఖ్య పొంగిపోతుంది. కాబట్టి గది ఎత్తును బట్టి రెండిటినీ మార్చే పట్టిక తయారు చేశారు. పొట్టి గదికి ఎక్కువ హద్దు, ఎక్కువ బిట్లు. ఎత్తు గదికి తక్కువ హద్దు, తక్కువ బిట్లు. గది ఎత్తు మారినప్పుడే ఆ లెక్క మళ్ళీ చేస్తారు. ఇంకో జబ్బు, నేల రంగు గోడ పక్కనుంచి సన్నటి చారలా దూరం దాకా కారిపోవడం. గీయడానికి వీలుగా మ్యాపును ముక్కలు చేసినప్పుడు కోత పడిన బిందువుల్ని పూర్ణాంకాలకు సర్దడంవల్ల అవి అసలు గీతనుంచి కాస్త పక్కకు తొలుగుతాయి. ఆ సందులోంచి రంగు కారుతుంది. బిందువుల్ని తిరిగి గీతమీదికి చేర్చే సూత్రాన్ని 1998లో లీ కిలో అనే ప్రోగ్రామర్ రాశారు. క్రిస్పీ డూమ్ దానికి ఒక మెరుగు చేర్చింది. ప్రతి బిందువుకూ రెండు స్థానాలు ఉంటాయి, ఒకటి ఆటకు, ఒకటి గీయడానికి. రెండోదాన్నే సరిచేశారు. మొదటిది 1993లో ఎక్కడుందో ఇవాళా అక్కడే ఉంది.

ఇన్ని సవరణల్లోనూ ఒకే మెళకువ మళ్ళీ మళ్ళీ వస్తుంది: కనబడేది వేరు, జరిగేది వేరు, మొదటిదాన్నే ముట్టుకోవాలి. ఈ గీత వీళ్ళు కొత్తగా గీసింది కాదు. జాన్ కార్మాక్ రాసిన అసలు కోడ్‌లోనే అది ఉంది. ఆట నడిపే ఫైళ్ళ పేర్లు ‘పీ’తో మొదలవుతాయి, బొమ్మ గీసే ఫైళ్ళ పేర్లు ‘ఆర్’తో మొదలవుతాయి. యాదృచ్ఛిక పట్టికను చదివే ఫంక్షన్లు కూడా రెండు. ఒకటి ఆట తీర్పులకు, ఇంకోటి అలంకారాలకు. బాగుచేసినవాళ్ళ గొప్పతనం ఆ పాత అతుకును కనిపెట్టి, దాన్ని గౌరవించి, దాని వెంబడే కత్తెర నడపడంలో ఉంది.

ఎక్కడ ఆగాలో తెలియడం కూడా ఇందులో భాగమే. డూమ్‌లో చాలామంది రాక్షసుల నడకకు నాలుగే భంగిమలు. చోటును నున్నగా చేసినా భంగిమల్ని ఉన్నన్నే ఉంచారు, మధ్య భంగిమల్ని కొత్తగా పుట్టించలేదు. నున్నగా జారే దేహం మీద తటాతటా మారే కాళ్ళు కొందరికి నచ్చవు. నా మటుకు ఇది సరైన నిర్ణయమే. చోటు అన్నది లెక్కలోంచి వచ్చేది, మధ్య చోటును లెక్క ఇవ్వగలదు. భంగిమ అన్నది ఒక చిత్రకారుడు చేత్తో తీర్చినది, మధ్య భంగిమను లెక్క ఇవ్వలేదు. 2020లో వచ్చిన అధికారిక సవరణలు కూడా సెకనుకు 60 బొమ్మలు, వెడల్పు తెర ఇచ్చాయి. ఖాళీగా మిగిలిన పక్కల కోసం కింది పట్టీని, ముఖచిత్రాన్ని పొడిగించి కొత్తగా గీయించారు. బొమ్మ కావలసినచోట చిత్రకారుణ్ణి పిలవడం మంచి పద్ధతి.

తెరమీద ఒకేసారి కనబడే నేల, పైకప్పు ముక్కలు 128 దాటితే అసలు డూమ్ ఒక సందేశం ఇచ్చి ఆగిపోయేది. క్రిస్పీ ఆ హద్దు తీసేసింది. చాకొలెట్ ఇప్పటికీ అక్కడే ఆగిపోతుంది, కావాలనే. పాత యంత్రంమీద నడవని మ్యాపు తన దగ్గర కూడా నడవకూడదని దాని నియమం. ఒకటి బతికించేది, ఇంకోటి భద్రపరిచేది. రెండూ ఉండాలి.

మన ఇంజనీరింగు కాలేజీల్లో సీ భాష నేర్చుకుంటున్న పిల్లలకు ఒక మాట. పాఠ్యపుస్తకంలో పాయింటర్లూ స్ట్రక్చర్లూ చదివాక ఏం చేయాలో తోచకపోతే, అసలు డూమ్ కోడ్‌నూ క్రిస్పీ డూమ్ కోడ్‌నూ పక్కపక్కన తెరిచి చదవండి. రెండూ ఉచితమే. క్రిస్పీలో మార్చిన చాలాచోట్ల ఎందుకు మార్చారో ఒక వ్యాఖ్య రాసి ఉంటుంది. ముందు ‘ఆర్’ ఫైళ్ళతో మొదలుపెట్టండి. లిఫ్టు ఎత్తును మధ్యలో లెక్కకట్టే ఫంక్షన్ కొద్ది వరసలే, ఒక సాయంత్రంలో అర్థమైపోతుంది.